ఖుంబో లుహంగా ఎత్తుకుపోని వస్తువు

ఎంజూజు బజార్లో కంప్యూటర్లు బాగుచేసే వరసలో పదకొండేళ్లు కూర్చున్న ఖుంబో లుహంగా గురించి ఇప్పుడు ఎవరినడిగినా ఒకే మాట చెబుతారు. ఆ మాట అబద్ధం. దాన్ని మొదట పలికిన నోరు నాది. కాబట్టి అతని గురించి ఉన్నదున్నట్టు చెప్పాల్సిన పని కూడా నా మీదే పడింది.

నా పేరు తోవెర. బజారుకు మాత్రం న్యగొండ్వేని. మా ఉత్తరాదిన ఆడదాన్ని పెళ్లయి ఎన్నేళ్లయినా పుట్టింటి పేరుతోనే పిలుస్తారు. జిల్లా విద్యాశాఖ ఆఫీసులో ఇరవై రెండేళ్లు టైపిస్టుగా చేసి, దిగిపోయాక కోర్టు ఎదుట ఒక గది తీసుకుని టైపు దుకాణం పెట్టాను. ప్రమాణ పత్రాలు, ఉద్యోగాల దరఖాస్తులు, భూమి తగాదాల అర్జీలు, చర్చి ఉత్తరాలు, ఏవైనా సరే. నా చేతి మీదుగా వెళ్లిన కాగితంలో తప్పు ఉండదని పేరు. ఆ పేరంటే నాకు వల్లమాలిన గర్వం. ఈ కథంతా అక్కడే మొదలైంది.

దుకాణం కోసం రాజధాని లిలోంగ్వే వెళ్లి కొత్త కంప్యూటర్ కొన్నాను. దాన్ని నడిపే సిస్టమ్‌కి అసలు లైసెన్సు కూడా కొన్నాను, సీలు వేసిన డబ్బాలో. మా ఊళ్లో అలాంటిది ఎవరూ కొనరు. యాభై కంప్యూటర్లకు ఒకటే దొంగ సిస్టమ్, ఫ్లాష్ డ్రైవ్‌లో వేసి జేబులో పెట్టుకు తిరిగేది, ఐదు నిమిషాల్లో వేసేస్తారు. మా ఆఫీసులోనూ అలాగే వేయించారు. ఒక సోమవారం పొద్దున అది మూడేళ్ల టీచర్ల బదిలీ జాబితాలను మాయం చేసింది. వాటన్నిటినీ మళ్లీ టైపు చేసింది నేనే. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, నాదంటూ ఒక యంత్రం కొంటే అందులో దొంగసరుకు ఉండకూడదని. లైసెన్సు కాగితానికి అద్దం కట్టించి గోడకు తగిలించాను. వచ్చిన ప్రతివాళ్లకూ చూపించేదాన్ని. అర్జీ రాయించుకోవడానికి వచ్చిన ముసలాయనకి దాంతో ఏం పని? అయినా చూపించేదాన్ని.

ఖుంబో సంగతి చెప్పాలి కదా. సరస్సు ఒడ్డున ఉన్న చిలుంబా నుంచి వచ్చినవాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు, అతని కొట్టు రేకుల కప్పు మాత్రం నా నెత్తి ఎత్తు. అందుకని పదకొండేళ్లూ వంగే పనిచేశాడు. పెద్ద చదువు లేదు. మేనమామ దగ్గర రేడియోలు బాగుచేయడం నేర్చుకుని, రేడియోల రోజులు పోయాక కంప్యూటర్లకు వచ్చాడు. కాలిన బోర్డును పైకెత్తి వాసన చూసి ఎక్కడ కాలిందో చెప్పేవాడు. కరెంటు పోతే మిగతావాళ్లు చేతులు ముడుచుకుని కబుర్లలో పడేవాళ్లు. ఇతను మాత్రం బొగ్గుల పొయ్యిలో ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి దాంతోనే అతుకులు వేసేవాడు. విప్పిన స్క్రూలను సోడా మూతల్లో పోసి, ఎవరివి వాళ్లకు పేరు రాసి పెట్టేవాడు. ఒక్క స్క్రూ మిగిలిపోతే మర్నాడు కోర్టు దాకా నడిచొచ్చి ఇచ్చి వెళ్లిన మనిషి. నా స్క్రూ అలా రెండుసార్లు తెచ్చిచ్చాడు. ఆ సంగతి నేను పంచాయితీలో చెప్పలేదు.

ఆ వరసకు ఒక అలవాటుంది. ఎప్పుడో ఎవరో యంత్రంలోని మంచి ముక్క తీసి పాతది పెట్టి పంపిస్తే పట్టుబడ్డారు. అప్పటినుంచి యంత్రం తెచ్చేవాళ్లు లోపలి ప్రతి ముక్కకూ గోళ్లరంగుతో చుక్క పెట్టుకుని తెస్తారు, బెంచీ మీద కూర్చుని పని పూర్తయ్యేదాకా కళ్లార్పకుండా చూస్తారు, చివర్లో చుక్కలు లెక్కపెట్టుకుంటారు. వరస మొదట్లో గోళ్లరంగు అమ్మే పిల్లకు మగవాళ్ల బేరమే ఎక్కువ. గడ్డాలున్న పాస్టర్లు గులాబీ రంగు సీసా అడిగి తీసుకోవడం నేను కళ్లారా చూశాను. నాది ముదురు ఎరుపు. నా కంప్యూటర్ లోపల చుక్క లేని చోటు వెతికితే దొరకదు.

ఖుంబో అది చూసి భుజాలు కదిలేలా నవ్వేవాడు. "న్యగొండ్వే, ఫ్యానుకి కూడా పూశారా?"

"పూస్తాను. ఊరికే వచ్చిందా ఫ్యాను?"

"నా ముక్కుకి కూడా ఒక చుక్క పెట్టండి మరి. బోర్డులు వాసన చూసే ముక్కు, ఎవరన్నా మార్చేస్తే తెలుస్తుంది."

"నీ ముక్కు ఎవడిక్కావాలి నాయనా, పని చూడు."

ఇదీ మా వరస. పోట్లాటలా ఉండేది కానీ పోట్లాట కాదు. నాకు అతనంటే నమ్మకం ఉండేదనే అనుకునేదాన్ని.

ఫిబ్రవరిలో ఉరుములు మొదలైతే నేను దుకాణం మూసేటప్పుడు తీగలన్నీ పీకేసి వెళ్తాను. ఆ రోజు ఎవరో పోయారని కబురొస్తే హడావిడిగా బయల్దేరి మర్చిపోయాను. పిడుగు పడింది. మర్నాడు మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కంప్యూటర్‌ని చక్రాల బండిలో పెట్టించుకుని ఖుంబో దగ్గరికి తీసుకెళ్లాను.

విప్పాడు, వాసన చూశాడు. "మదర్‌బోర్డు పోయిందమ్మా. డిస్కుకేం కాలేదు, మీ అర్జీలన్నీ పదిలం. బోర్డు బ్లాంటైర్ నుంచి తెప్పించాలి, బస్సులో వేస్తారు. వారం పైనే పడుతుంది."

తొమ్మిదో రోజున బోర్డు వచ్చింది. పొద్దున్నించి మూడింటిదాకా బెంచీ మీద కూర్చుని చూశాను. మధ్యాహ్నం అతను ఉసిపా చేపల కూరతో కొండొవోలే, అదే కర్రపెండలం పిండి ముద్ద, తిని, చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి మళ్లీ పని మొదలుపెట్టాడు. చివర్లో నా ఎర్ర చుక్కలన్నీ చూసుకున్నాను. కొత్త బోర్డు తప్ప అన్నిటికీ ఉన్నాయి. కాలిన పాత బోర్డును కూడా సంచిలో వేసుకున్నాను.

"దాన్నేం చేసుకుంటారు, కూర వండుకుంటారా?" అన్నాడు.

"నాదా కాదా?"

"మీదే."

"అయితే నా ఇంటికే వస్తుంది."

కంప్యూటర్ ఆ సాయంత్రం బాగానే నడిచింది. మర్నాడు తెరిచేసరికి నేను పెట్టుకున్న సరస్సు బొమ్మ లేదు, తెరంతా నల్లగా ఉంది. కుడివైపు అడుగున పాలిపోయిన అక్షరాలు: ఈ సిస్టమ్ చెల్లుబాటులో లేదు, లైసెన్సు నమోదు చేయండి. అదేమిటని గోడ మీది అద్దం దించి, అంకెలు ఒక్కొక్కటే చూసుకుంటూ కొట్టాను. నేను తప్పు కొట్టను. రెండోసారి కూడా కొట్టాను. అప్పుడు తెర మీద ఇలా వచ్చింది: ఈ లైసెన్సు ఇప్పటికే మరో యంత్రంలో వాడుకలో ఉంది.

మరో యంత్రంలో. ముక్కలన్నిటికీ చుక్కలు పెట్టాను, అవన్నీ వచ్చాయి. చుక్క పెట్టడానికి వీల్లేనిది ఒక్క లైసెన్సే, అదొక్కటే పోయింది. ఆ వారమే నా పక్క గదిలో ఫొటోలు తీసే అతను ఖుంబో దగ్గర కంప్యూటర్ ఒకటి కొన్నాడు. అది నిన్నటిదాకా నాకు గుర్తే లేదు, ఇప్పుడు గుర్తొచ్చింది. అన్నీ కలిపి చూసుకున్నాను. అద్దం చంకలో పెట్టుకుని బజారుకు నడిచాను.

ఖుంబో నా మాటంతా విని, "మరో యంత్రమా? ఏ యంత్రం?" అన్నాడు. అతని మొహంలో నిజంగానే ఏ దాపరికమూ లేదు. నాకు అది నటనలా కనిపించింది.

"నన్నడుగుతావేం? నువ్వు చెప్పు."

"నాకు తెలీదమ్మా. అయినా దానికేముంది, నేనొకటి వేసిస్తాను. ఐదు నిమిషాలు. నా ఫ్లాష్‌లో ఉంది."

"ఏముంది నీ ఫ్లాష్‌లో?"

"లైసెన్సే. ఈ వరసలో అందరికీ అదే కదా వేసేది."

నా చెవులకు మొదటి మాట తప్ప రెండోది వినిపించలేదు. లైసెన్సు అతని ఫ్లాష్‌లో ఉంది. ఇక నోటికొచ్చినట్టు అన్నాను. దొంగ అన్నాను. పదకొండేళ్లుగా ఎంతమందిని ఇలా దోచుకున్నావన్నాను. బేరాలు వదిలేసి జనం చుట్టూ చేరారు. అతను చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కింద పెట్టి, "నెమ్మదిగా, న్యగొండ్వే, జనం చూస్తున్నారు" అన్నాడు. చూడాలనే కదా అరుస్తున్నాను.

మా బజారు కమిటీ శనివారాలు కూర్చుంటుంది. ఛైర్మన్ కుమ్వెండా ఎండుచేపల వ్యాపారి, తొందరపడే మనిషి కాదు. కమిటీలో మా చర్చి మహిళా సంఘం పెద్ద న్యముంతాలి కూడా ఉంది, మందాసి బూరెలు వేసి అమ్ముతుంది. ఆవిడ పొయ్యి పక్కనే కమిటీ కూర్చునే బెంచీలు. నేను ముందుగానే వెళ్లి నిలబడ్డాను.

"పోయిన వస్తువు ఎంతుంటుంది?" అని అడిగాడు కుమ్వెండా.

"దానికి కొలత ఉండదండీ."

"పోనీ, రంగు?"

"రంగూ ఉండదు."

"కంటికి కనిపించదా?"

"కనిపించదు."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "కనిపించనిది పోయిందని ఎలా తెలిసిందమ్మా?"

"నా యంత్రమే చెప్పింది. వేరే యంత్రంలో ఉందని రాసి మరీ చూపించింది." అద్దం ఇచ్చాను. అది చేతులు మారుతూ అందరి దగ్గరికీ వెళ్లింది. దాని మీద మెరిసే ముద్రను న్యముంతాలి వేలితో తడిమి చూసి, ఇంత ముద్ర ఉన్న కాగితం అబద్ధం చెప్పదంది. కొందరు తలలూపారు.

ఖుంబోని మాట్లాడమన్నారు. లేచి నిలబడితే బెంచీల పైనున్న కప్పు తగులుతుందని వంగే నిలబడ్డాడు. "పదకొండేళ్లలో అసలు లైసెన్సుతో నా దగ్గరికొచ్చింది ఈవిడొక్కతే. అది ఎలా నడుస్తుందో నేనెప్పుడూ చూడలేదు. చూడనిదాన్ని తెలుసని చెప్పలేను. నేను మాత్రం తియ్యలేదు. నాకు గురువారం దాకా టైమివ్వండి, కనుక్కుని వస్తాను."

"కనుక్కోవడానికేముంది, ఇచ్చెయ్యడమే" అని వెనకనుంచి ఎవరో అన్నారు. కుమ్వెండా మాత్రం గడువు ఇచ్చి, గురువారం మళ్లీ కూర్చుందామన్నాడు.

గురువారం అతను వచ్చేసరికి కోటు నలిగిపోయి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎక్కడికెళ్లాడో చెప్పలేదు, మేమూ అడగలేదు. చేతిలో చిన్న నోటుపుస్తకం ఉంది. దాంట్లో చూసి చూసి చెప్పాడు.

"లైసెన్సు డిస్కులో ఉండదట. కంపెనీవాళ్లు దాన్ని మదర్‌బోర్డుతో కలిపి రాసుకుంటారట. బోర్డు మారింది కాబట్టి ఈ యంత్రాన్ని వాళ్లు వేరే యంత్రం అనుకుంటున్నారు. మరో యంత్రంలో ఉందన్నది ఇంకెక్కడో కాదు, ఈవిడ సంచిలో ఇంటికి పట్టుకెళ్లిన పాత బోర్డులోనే. సొంతదారు యంత్రం ముందు కూర్చుని, కంపెనీకి ఫోన్ చేసి, బోర్డు కాలిపోయి మార్చామని చెప్పి, తెర మీద వచ్చే అంకెలు చదవాలి. వాళ్లు వేరే అంకెలు చెబుతారు. అవి కొడితే మళ్లీ వచ్చేస్తుంది. నేను చేస్తే చెల్లదు. ఈవిడే చెయ్యాలి."

తరవాత నవ్వులు మొదలయ్యాయి. "మొన్న నా మేక పోయింది, దానికీ ఫోన్ నంబరుంటే చెప్పు ఖుంబో" అన్నాడు ఒకడు. న్యముంతాలి బూరెలు తిప్పుతూ తిప్పుతూ పొట్ట పట్టుకుంది.

కుమ్వెండా ఒక్కడే నవ్వలేదు. నావైపు తిరిగి, "న్యగొండ్వే, ఒక్క ఫోన్ చేసి చూడరాదూ? పోయేదేముంది?" అన్నాడు.

ఆ క్షణం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ఫోన్ నా చేతిలోనే ఉంది. దుకాణం అక్కడికి పది నిమిషాల నడక. నంబరు నా చంకలోని కాగితం మీదే అచ్చై ఉంది. ఖుంబో నావైపు చూస్తున్నాడు. బతిమాలుతున్నట్టు కాదు, లెక్క చెప్పి సరిగ్గా ఉందా అని పంతుల్ని చూసే పిల్లాడిలా చూస్తున్నాడు. అతను చెప్పింది నిజమేమోనని నాకు లోపల ఎక్కడో తోచింది కూడా. నిజమైతే ఆ వారమంతా నేనన్న మాటలు ఏం కావాలి? అది తలుచుకునే మొండికేశాను.

"అతని జేబులో ఉన్నదానికోసం నేను కంపెనీవాళ్ల కాళ్లు పట్టుకోవాలా? ఇరవై రెండేళ్లు గవర్నమెంటుకి టైపు చేశానండీ నేను. నాకు కథలు చెబితే ఎలా?"

అందరూ మళ్లీ నవ్వారు. నా మాట నవ్వు తెప్పించినందుకు నాకు సంతోషంగా కూడా అనిపించింది. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతాను.

నెలాఖరుకి అతను చోటు ఖాళీ చెయ్యాలని తీర్పు చెప్పారు. ఖుంబో ఎదురు చెప్పలేదు. తన దగ్గరున్న యంత్రాలన్నిటినీ ఎవరివి వాళ్లకు అప్పగించి, సోడా మూతల్లోని స్క్రూలు కూడా పంచిపెట్టి, బొగ్గుల పొయ్యి తలమీద పెట్టుకుని వెళ్లిపోయాడని విన్నాను. నేను చూడటానికి వెళ్లలేదు.

ఆ నల్ల తెరతోనే నేను ఐదు నెలలు పనిచేశాను. దొంగ లైసెన్సు వేయించుకోనని పంతం. వచ్చినవాళ్లకు ఇదివరకు గోడమీది అద్దం చూపించేదాన్ని, ఇప్పుడు తెర అడుగున ఉన్న అక్షరాలు చూపించేదాన్ని. "చూశారా, ఆ లుహంగా చేసిన పని" అనేదాన్ని. కోర్టుకి వచ్చేవాళ్లు నలుమూలల ఊళ్ల వాళ్లు. కరోంగా, చిటిపా, రుంఫీ, ఎక్కడెక్కడినుంచో వస్తారు. ఆ మాటను వాళ్లంతా ఇళ్లకు మోసుకెళ్లారు.

జులైలో మా అన్నకొడుకు పెళ్లికి లిలోంగ్వే వెళ్లాల్సి వచ్చింది. ఎలాగూ వెళ్తున్నాను కదా, కొన్నచోటే తేల్చుకుందామని కంప్యూటర్ డబ్బాను చిటెంజె గుడ్డలో మూటకట్టి, ఆరుగంటలు బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. పక్కనున్నాయన అందులో కోడి ఉందనుకుని కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

ఆ దుకాణంలో థోకో అనే అమ్మాయి ఉంటుంది. నాకు అమ్మింది కూడా తనే. మూట విప్పి, తీగలు తగిలించి, తెర చూసి మామూలుగా అడిగింది. "బోర్డు మార్చారా?"

"మార్చాం. పిడుగు పడింది."

"మరి కంపెనీకి ఫోన్ చెయ్యలేదా?"

"చెయ్యాలా?" అన్నాను.

ఆ పిల్లే నంబరు కలిపి ఫోన్ నా చేతికిచ్చింది. అవతల ఒక ఆడమనిషి, ఎంతో మర్యాదగా మాట్లాడింది. ఈ లైసెన్సు ఎన్ని యంత్రాల్లో పెట్టారని అడిగింది. ఒక్కదాంట్లోనే అన్నాను. యంత్రంలో ఏమైనా మార్చారా అంది. మదర్‌బోర్డు కాలిపోతే మార్చామన్నాను. తెర మీద అంకెలు చదవమంది. చదివాను. తిరిగి అంకెలు చెప్పింది. కొట్టాను. పాలిపోయిన అక్షరాలు పోయాయి, కాసేపటికి నా సరస్సు బొమ్మ వచ్చింది. కళ్లజోడు వెతుక్కున్న టైముతో కలిపి పదకొండు నిమిషాలు.

"మీ ఊరినుంచే ఇదే సంగతి కనుక్కోవడానికి ఒకాయన వచ్చాడండీ, మార్చిలో" అంది థోకో తీగలు చుడుతూ. "బాగా పొడుగు. మేం తెరిచేసరికే మెట్లమీద కూర్చుని ఉన్నాడు. తనది కాదట, ఎవరో పెద్దావిడదట. అన్నీ పుస్తకంలో రాసుకున్నాడు. నేనే చేసిస్తే కుదరదా, ఆవిడకి పనులుంటాయి, ఆవిడ్ని ఇబ్బంది పెట్టడమెందుకని రెండుమూడుసార్లు అడిగాడు. పాపం, ఆవిడకి వెళ్లి చెప్పాడో లేదో."

"చెప్పాడమ్మా" అన్నాను. ఇంక నావల్ల కాలేదు. ఆ దుకాణంలో, కొనడానికి వచ్చినవాళ్లందరి ముందూ, కంప్యూటర్ డబ్బా మీద తల పెట్టుకుని ఏడ్చాను. పాపం ఆ పిల్ల, డిస్కు పోయిందనుకుని కంగారుపడింది.

పెళ్లి నుంచి తిరిగొచ్చిన మూడో రోజున చిలుంబా బస్సెక్కాను. ఖుంబో సరస్సు ఒడ్డున వెదురు తడికెల మీద ఉసిపా చేపలు ఆరబోస్తున్నాడు. చేపలు వాళ్ల బావమరిదివి. నన్ను చూసి చేతులు కడుక్కొచ్చి, కూర్చోవడానికి పీట వేశాడు. మర్యాదలో ఏ లోటూ చెయ్యలేదు. అదే నాకు ఎక్కువ నొప్పి కలిగించింది.

"వచ్చిందా?" అన్నాడు. నేనింకా నోరు విప్పనే లేదు.

"వచ్చింది."

"ఎంతసేపు పట్టింది?"

"పదకొండు నిమిషాలు."

తడికె మీద చేపలు తిరగేశాడు. "ఆ పిల్ల పది అంది."

"నన్ను క్షమించు ఖుంబో. నీకు చాలా అన్యాయం చేశాను. ఏం చెప్పినా తీరదు."

"నాకు చెబితే ఏం లాభం న్యగొండ్వే? నేను దొంగని కానని నాకు తెలుసు కదా. మీరు ఆ మాట బజార్లో అన్నారు. చెబితే బజార్లోనే చెప్పండి. మొన్న ఈ ఊళ్లోనే ఒకతను రేడియో బాగుచెయ్యమని తెచ్చాడు. నా ఇంటిపేరు అడిగాడు. చెప్పగానే, మళ్లీ వస్తానని పట్టుకెళ్లిపోయాడు. చేపలు ఆరబెట్టడం తప్పు పని కాదు. కానీ నా చేతులకొచ్చింది ఇది కాదు."

"చెబుతాను. వచ్చే శనివారమే చెబుతాను. నువ్వు వచ్చి విను. చోటు కూడా మళ్లీ ఇప్పిస్తాను."

"చోటు తరవాత. ముందు మాట" అన్నాడు.

కుమ్వెండా మొదట ఇష్టపడలేదు. "తీర్పు చెప్పి నాలుగైదు నెలలైంది, ఇప్పుడు తిరగదోడితే కమిటీ పరువేం కాను?" అన్నాడు. నేను వదల్లేదు. చివరికి, "మీ నోరు, మీ ఇష్టం, చెప్పుకోండి" అన్నాడు.

శనివారం నాడు బాగానే జనం వచ్చారు. ఖుంబో పొద్దుటి బస్సుకి వచ్చి, ఇస్త్రీ చేసిన కోటులో అందరికంటే వెనక, కప్పు లేనిచోట నిటారుగా నిలబడ్డాడు. అతనంత పొడుగని నాకు అప్పుడే తెలిసింది. ఏమీ మర్చిపోకూడదని నేను అంతా టైపు చేసుకుని తెచ్చాను. బోర్డు గురించి, ఫోన్ గురించి, థోకో చెప్పింది, ఖుంబో లిలోంగ్వే దాకా వెళ్లొచ్చింది, అంతా చదివాను. ఖుంబో లుహంగా నా దగ్గర ఏమీ తియ్యలేదు, దొంగ అనడం నా తప్పు, ఇందుకు దేవుడిముందూ మీ ముందూ అతన్ని క్షమాపణ అడుగుతున్నాను అని ముగించాను. కొంతమంది ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నా మాట వాళ్ల మనసుకెక్కిందనే అనుకున్నాను.

"అయితే మీ వస్తువు మీకు దొరికినట్టేనా?" అని అడిగాడు మేక పోయినతను.

"దొరికింది."

"మంచిది. ఇచ్చేశాడన్నమాట."

"ఇవ్వడం కాదు నాయనా, అతను తియ్యనేలేదని కదా చెబుతున్నాను."

న్యముంతాలి పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చి, పిండి చేతులతోనే నన్ను కావిలించుకుంది. "దొడ్డ మనసమ్మా నీది. వస్తువు చేతికొచ్చాక ఎవరైనా ఊరుకుంటారు. దొంగని ఇలా నలుగురిలో క్షమించడం, పైగా వాడి తప్పు నెత్తినేసుకోవడం, ఇది ఎవరివల్లవుతుంది? రేపు చర్చిలో నీ గురించి చెబుతాను, చూడు." చుట్టూ ఉన్నవాళ్లు ఆమెన్ అన్నారు.

"కాదు న్యముంతాలి, కాదు. వినండి, అతను దొంగ కాదు" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆవిడ "అవునమ్మా, అవును" అంటూ నా వీపు నిమురుతూనే ఉంది. కుమ్వెండా తరవాతి తగువు పిలిచాడు.

జనాన్ని తోసుకుంటూ ఖుంబో దగ్గరికి వెళ్లాను. అతను కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.

"వచ్చే శనివారం మళ్లీ చెబుతాను. పై శనివారం కూడా చెబుతాను" అన్నాను.

"వద్దు, న్యగొండ్వే. మీరు సరిగ్గానే చెప్పారు, నేను విన్నాను కదా." చివరి గుండీ పెట్టుకుని, "చిలుంబా బస్సుకి టైమైంది" అన్నాడు.

కూరగాయల వరస మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్లాడు. అతను దగ్గరికొస్తుంటే, కింద కూర్చున్న ఆడవాళ్లు ఒకరి తరవాత ఒకరు తమ సంచులు ఒళ్లోకి లాక్కున్నారు.